సినిమా పాట లేకుండానే ఎదిగిన హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండ్.. మరి గండికోట స్టేజ్‌పై చోటుందా?

గండికోట ఉత్సవాలంటే మనకి గుర్తొచ్చేది ఏంటి? కోటకి లైటింగ్, జానపద కళలు, రాత్రికి సినిమా పాటలు. మరి సినిమాతో సంబంధం లేని సొంత మ్యూజిక్ సంగతేంటి? హైదరాబాద్ బ్యాండ్ ‘గాడ్‌లెస్’ ప్రయాణం చూస్తే ఈ ప్రశ్న అడగాల్సిందే.

గాడ్‌లెస్ వాయించేది డెత్ మెటల్. తూటాల్లా పేలే డ్రమ్స్, పాటకి బదులు గర్జన, ఇంగ్లిష్ లిరిక్స్. 2015లో మొదలైన ఈ బ్యాండ్ 2016లో ‘సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’ అనే ఈపీలు తెచ్చింది. 2021లో తొలి ఫుల్ ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ వచ్చింది. వెనక హీరో లేడు, ఆడియో ఫంక్షన్ లేదు.

ఇదెలా కుదిరింది? మెటల్ ఫ్యాన్స్ ఏ ఊళ్లో చూసినా కొద్దిమందే. కానీ ప్రపంచమంతా ఉన్నారు, నచ్చితే డబ్బులిచ్చి కొంటారు. బ్యాండ్‌క్యాంప్ లాంటి సైట్ డిజిటల్ ఆల్బమ్‌పై మామూలుగా తీసుకునేది 15 శాతమే. పేమెంట్ ఛార్జీలు పోగా మిగిలింది అమ్మినవాళ్లకే.

అసలు చిక్కు స్టేజ్ దగ్గరే. ఆన్‌లైన్‌లో వినేవాళ్లు దొరుకుతారు, సొంతూళ్లో వేదిక దొరకదు. జమ్మలమడుగులో గిటార్ పట్టిన కుర్రాడికి కాలేజీ ఫెస్ట్, పెళ్లి ఆర్కెస్ట్రా.. లేదంటే బెంగళూరు బస్సే దిక్కు.

గండికోట రక్షిత కట్టడం. కోట లోపల భారీ సౌండ్ వద్దనడం న్యాయమే. కానీ ఉత్సవాల్లో కోట బయట ఒక్క గంట లోకల్ బ్యాండ్లకి ఇస్తే పోయేదేముంది? డెత్ మెటలే కానక్కర్లేదు, సొంత పాటైతే చాలు. మరి మీరేమంటారు?