పదహారో రోజు పనికెళితే మనవడు అనర్హుడు

అమ్మా నాన్నా పోయిన బిడ్డను అమ్మమ్మో నాయనమ్మో పెంచడం కోనసీమలో వార్తే కాదు. తల్లి కువైట్‌కో మస్కట్‌కో వెళితేనే పిల్లలు తాతల పంచన చేరతారు. ఇద్దరూ లేకపోతే ఇక చెప్పేదేముంది? 1996 నవంబరు తుపాను చూసిన ఊళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. నా కోపమంతా పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే ‘మిషన్ వాత్సల్య’ పథకంలోని ఒక్క అంకె మీద. ఆ అంకె 72,000.

బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇవ్వొచ్చని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. సంతోషం. కానీ పల్లెలో ఆ ఇంటి ఏడాది రాబడి 72,000 మించకూడదు. అంటే నెలకు ఆరు వేలు. రాజోలు వైపు కొబ్బరి ఒలుపుకు పోయే తాతకు రోజుకు 400 గిడుతుందనుకుందాం. నెలలో పదిహేను రోజులు పని దొరికితే ఆరు వేలు నిండాయి. పదహారో రోజు పనిలోకి దిగాడా, మనవడు అనర్హుడు.

కొబ్బరి మాట పక్కన పెట్టండి. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ముసలాళ్లిద్దరూ ఆ రేటున ఏడాదికి తలా 120 రోజులు కూలికి పోతే చాలు, 72,000. ఇక ఇంటికొచ్చే 4,000 వృద్ధాప్య పింఛను కూడా రాబడేనని ఎవరైనా లెక్క కట్టారంటే, నెలలో ఏడో రోజు కూలికే గీత దాటినట్టు.

అదే పల్లెలో బియ్యం కార్డుకు పరిమితి నెలకు పది వేలు. బడి పిల్లల తల్లులకు రాష్ట్రం డబ్బిచ్చే ‘తల్లికి వందనం’కూ పది వేలే. తల్లి ఉన్న బిడ్డ పది వేల దాకా పేదబిడ్డ. తల్లీ తండ్రీ లేని బిడ్డ పేదరికం మాత్రం ఆరు వేల దగ్గరే తీరిపోతుంది! అడిగితే అది కేంద్రం పథకం, ఇది రాష్ట్రానిది అంటారు. మిషన్ వాత్సల్య ఖర్చులో 40 శాతం రాష్ట్రానిదే కదా. అంత వాటా పెట్టేవాళ్లకు ఈ 72,000 ఏమిటని అడిగే నోరుండొద్దా?

పోనీ, అనాథలకు ఆదాయ పరిమితి తప్పనిసరా అంటే అదీ కాదు. కొవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం తెచ్చిన పీఎం కేర్స్ పథకంలో 23 ఏళ్లు నిండేసరికి పది లక్షలు చేతికొస్తాయి. తాత ఎంత సంపాదిస్తున్నాడని అక్కడ అడగలేదు. అదే 216 జాతీయ రహదారి మీద లారీ కింద పడి అమ్మా నాన్నా పోతే మాత్రం ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి. చావుల్లోనూ ఈ తేడా ఎందుకు పెట్టారో చెప్పినవారు లేరు.

డబ్బిస్తే బంధువులు తినేస్తారు, హాస్టల్లో వేయడమే మేలు అనే మేధావులు టీవీ చర్చల్లోనే కాదు, అమలాపురంలోనూ ఉన్నారు. తినేవాళ్లు ఉంటారు, కాదనను. జిల్లా బాలల సంరక్షణ విభాగం ఉన్నది వెళ్లి చూసి రావడానికే. 2015 బాలల న్యాయ చట్టమైతే సంస్థలో చేర్చడం ఆఖరి మార్గమని తేల్చి చెప్పింది. చట్టం ఇల్లు ముందంటుంది, 72,000 గీత ఆ ఇంటి తలుపు మూస్తుంది.

ఇల్లు ముందా, సంస్థ ముందా అన్న ఈ గొడవ మనకొక్కరికే కాదు. అమెరికాలో చెరోకీ తాతా అవ్వల దగ్గర పెరిగిన అనాథ కథ అంటూ 1976లో ఒక పుస్తకం వచ్చింది. ఆత్మకథగా అమ్ముకున్నారు. రాసినవాడు ఏసా కార్టర్ అనే జాత్యహంకారి అనీ, అది కట్టుకథ అనీ తర్వాత బయటపడింది. కథ బూటకమేగానీ, బిడ్డను తాత దగ్గర నుంచి లాక్కుపోతారన్న అందులోని భయం బూటకం కాదు. అక్కడి ఆదివాసీ పిల్లల్లో నూటికి పాతిక నుంచి ముప్పై అయిదు మందిని ఇళ్లనుంచి వేరు చేశారని ఆ రోజుల్లో సర్వేలు తేల్చాయి. దాంతో 1978లో చట్టం తెచ్చి, దత్తత విషయంలో మొదటి ప్రాధాన్యం రక్తసంబంధీకులకే ఇచ్చారు. 2023లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. మన దగ్గర తాత 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడే కాడు. ఆ హోదా కావాలంటే కోర్టు మెట్లెక్కాలి. మనవడిని మోస్తూ, మోకాళ్ల నొప్పులతో.

తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లలకు ఆదాయ పరిమితి ఎత్తేయాలి. ఢిల్లీ కదిలేదాకా 72,000కూ 1,20,000కూ మధ్య చిక్కుకున్న పిల్లలకు ఆ 4,000 రాష్ట్రమే ఇవ్వాలి. ఎందరున్నారో లెక్క లేదన్న సాకు వద్దు. ఏ ఇంట్లో కరెంటు ఎన్ని యూనిట్లు కాలిందో, ఎవరికి కారుందో కంప్యూటరులో చూసి పథకాల నుంచి పేర్లు కొట్టేయడం గ్రామ సచివాలయాలకు బాగానే చేతనైంది. కొత్తపేటలోనో మలికిపురంలోనో అమ్మా నాన్నా లేని పిల్లలు ఏ ముసలమ్మ దగ్గరున్నారో ఆ కంప్యూటరులోనే వెతకమనండి.