ఎమ్మీ జాబితాలో చమ్కీలా: కీర్తి భారత్‌ది, తెర ఎవరిది?

అమెరికా వెలుపల నిర్మితమయ్యే టెలివిజన్ కార్యక్రమాలకు న్యూయార్క్ కేంద్రంగా గల అంతర్జాతీయ అకాడమీ ఏటా ఇచ్చే ఇంటర్నేషనల్ ఎమ్మీ పురస్కారాల నామినేషన్లలో 2025లో భారత్‌కు రెండు స్థానాలు దక్కాయి. రెండూ ఒకే చిత్రానివి కావడం విశేషం. ఇంతియాజ్ అలీ దర్శకత్వంలో వచ్చిన 'అమర్ సింగ్ చమ్కీలా' టీవీ చిత్రాలు, మినీ సిరీస్‌ల విభాగంలోనూ, కథానాయకుడు దిల్జీత్ దోసాంజ్ ఉత్తమ నటుడి విభాగంలోనూ తుది నలుగురిలో నిలిచారు. నవంబరులో జరిగిన ప్రదానోత్సవంలో మాత్రం రెండూ చేజారాయి. నటుడి పురస్కారాన్ని స్పెయిన్‌కు చెందిన ఓరియోల్ ప్లా, చిత్ర పురస్కారాన్ని బ్రిటన్ నిర్మాణమైన 'లాస్ట్ బాయ్స్ అండ్ ఫెయిరీస్' గెలుచుకున్నాయి.

పురస్కారం రాలేదన్న విచారం కన్నా, నామినేషన్ వచ్చినప్పుడు వ్యక్తమైన సంతోషమే ఎక్కువ పరిశీలనకు అర్హమైనది. సెప్టెంబరులో జాబితా వెలువడగానే దేశమంతటా అభినందనలు వెల్లువెత్తాయి. అయితే అంతకు మూడు నెలల ముందు ఇదే నటుడు ఎదుర్కొన్న పరిస్థితి పూర్తిగా భిన్నమైనది. పాకిస్తానీ నటి హానియా ఆమిర్‌తో కలసి ఆయన నటించిన 'సర్దార్‌జీ 3' జూన్ 27న విదేశాల్లో మాత్రమే విడుదలైంది. ఏప్రిల్ 22 నాటి పహల్గాం దాడికి ముందే చిత్రీకరణ పూర్తయిందని నిర్మాతలు మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. సినీ కార్మికుల సమాఖ్య ఒకటి ఆయనను బహిష్కరించాలని డిమాండ్ చేసింది. ఆయన దేశభక్తిని శంకించినవారికి కొదవ లేదు. మానవ హక్కుల కార్యకర్త జస్వంత్ సింగ్ ఖాల్రా జీవితంపై ఆయన నటించిన 'పంజాబ్ 95' సెన్సార్ సూచించిన కోతల మధ్య నలిగి, 2025 ఫిబ్రవరి 7న విదేశాల్లో విడుదల చేస్తామన్న ప్రకటన సైతం అమలుకు నోచుకోక నిలిచిపోయింది. జూన్‌లో దేశద్రోహి, సెప్టెంబరులో దేశ ప్రతిష్ఠ! మధ్యలో మారింది న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక జాబితా మాత్రమే.

ఇది ఒక్క దిల్జీత్ విషయంలోనే జరిగిందనుకుంటే పొరపాటు. హాస్య కళాకారుడు వీర్ దాస్ 2021 నవంబరులో వాషింగ్టన్‌లోని కెన్నెడీ కేంద్రంలో 'నేను రెండు భారతదేశాల నుంచి వచ్చాను' అన్న భావంతో చేసిన ప్రసంగం ఇక్కడ పోలీసు ఫిర్యాదులకు దారి తీసింది. ఆ వివాదంలోని అనుభవాలనే సరుకుగా చేసుకుని రూపొందించిన 'ల్యాండింగ్' కార్యక్రమానికి 2023లో ఉత్తమ హాస్య కార్యక్రమంగా ఎమ్మీ లభించింది. బ్రిటన్‌కు చెందిన 'డెర్రీ గర్ల్స్'తో దానిని పంచుకున్నారు. మరుసటి ఏడాది ఆ ఉత్సవానికి ఆయనే వ్యాఖ్యాత. ఫిర్యాదు చేసినవారు ఆ తరువాత ఏమన్నారో ఎవరూ అడిగినట్టు లేదు.

చమ్కీలా కథ కూడా సరిగ్గా ఇలాంటిదే. పంజాబ్ గ్రామాల్లో అఖాడాలను ఉర్రూతలూగించిన ఈ దళిత గాయకుడి పాటల్లో అశ్లీలం ఉందని ఛాందసులు ఆగ్రహించారు, బెదిరింపులు వచ్చాయి. 1988 మార్చి 8న మెహ్సంపూర్‌లో కచేరీకి వచ్చి కారు దిగుతుండగానే ఆయననూ, సహ గాయని అయిన భార్య అమర్‌జ్యోత్‌నూ కాల్చి చంపారు. హంతకులెవరో నేటికీ తేలలేదు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడేళ్లే. ఎవరి పాట వినాలో, ఎవరి పాట వినకూడదో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే ఆ చిత్రంలోని ప్రశ్న. ఆ పాత్రధారికే అలాంటి ప్రశ్న ఎదురుకావడం కాకతాళీయమని సరిపెట్టుకోలేం.

ఇక జాబితాల్లోని రెండవ అంశానికి వస్తే, అది ఆర్థికపరమైనది. 2019 నుంచి 2025 వరకు నాటక, హాస్య, నటన విభాగాల్లో నామినేషన్ పొందిన భారతీయ రచనలన్నీ ఇంటర్నెట్ ద్వారా ప్రసారమయ్యే వేదికలవే. 'సేక్రెడ్ గేమ్స్', 'లస్ట్ స్టోరీస్', 'ఢిల్లీ క్రైమ్', 'సీరియస్ మెన్', చమ్కీలా నెట్‌ఫ్లిక్స్‌వి. 'మేడ్ ఇన్ హెవెన్', 'ఫోర్ మోర్ షాట్స్ ప్లీజ్' అమెజాన్‌వి. 'ఆర్య', 'ది నైట్ మేనేజర్' హాట్‌స్టార్‌వి. 'రాకెట్ బాయ్స్' సోనీ లివ్‌ది. దూరదర్శన్ గానీ, ప్రతి రాత్రి కోట్ల ఇళ్లలో వెలిగే శాటిలైట్ ఛానళ్లు గానీ ఇందులో లేవు. 2020లో ఉత్తమ నాటక సిరీస్ పురస్కారం గెలిచిన తొలి భారతీయ రచన 'ఢిల్లీ క్రైమ్' సైతం కెనడా దర్శకుడు రిచీ మెహతా తీసినది. సన్‌డాన్స్ ఉత్సవంలో ప్రదర్శితమైన ఆ సిరీస్‌ను కొనుగోలు చేసి ప్రసారం చేసింది నెట్‌ఫ్లిక్స్.

మరో సంగతి పెద్దగా చర్చకు రాలేదు. 2021లో నామినేషన్ పొందిన 'ఆర్య' మూలం డచ్ సిరీస్ 'పెనోజా'. 2024లో భారత్ నుంచి నిలిచిన ఏకైక పేరు 'ది నైట్ మేనేజర్' మూలం జాన్ లె కారే ఆంగ్ల నవల, దానిపై బీబీసీ తీసిన సిరీస్. 'సేక్రెడ్ గేమ్స్' విక్రమ్ చంద్ర, 'సీరియస్ మెన్' మను జోసెఫ్ రాసిన ఆంగ్ల నవలలు. భారతీయ భాషల సాహిత్యం ఈ ద్వారం దగ్గర ఎక్కడా కనిపించదు. ఆ దృష్టితో చూస్తే, పంజాబీ పాటల మీదే నిలబడిన చమ్కీలా ఈ వరుసలో ఒక మలుపని అంగీకరించక తప్పదు.

అకాడమీకి సీరియళ్లంటే చిన్నచూపు అనుకోవడానికీ వీలు లేదు. టెలినోవెలాల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. 2022లో దక్షిణ కొరియా, 2023లో టర్కీ, 2024లో స్పెయిన్, 2025లో మళ్లీ టర్కీ దానిని గెలుచుకున్నాయి. 2025 తుది జాబితాలోని నాలుగు పేర్లూ బ్రెజిల్, స్పెయిన్, టర్కీలవే. సీరియళ్ల ఉత్పత్తిలో ఎవరికీ తీసిపోని మన దేశం పేరు లేదు. 2023లో ఏక్తా కపూర్‌కు అకాడమీ ప్రత్యేక పురస్కారమిచ్చి గౌరవించిందే గానీ, అది ఆమె నిర్మాణ సామర్థ్యానికే గాని ఏదో ఒక సీరియల్‌కు కాదు.

కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. టెలినోవెలాకు ముగింపు ఉంటుంది. మన డైలీ సీరియల్‌కు ఉండదు. వారం వారం వచ్చే రేటింగ్‌ను బట్టి కథ మలుపు తిరుగుతుంది, రేటింగ్ ఉన్నంత కాలం చనిపోయినవారు సైతం తిరిగి వస్తారు. ప్రకటనల ఆదాయం రోజు లెక్కన రావలసిన చోట కథను ముగించడం నిర్మాతకు నష్టం. 2000లో మొదలైన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'ని పాతికేళ్ల తరువాత 2025 జులైలో మళ్లీ ప్రారంభించడం ఈ వ్యాపార సూత్రానికి తగిన నిదర్శనం. పొరుగున పాకిస్తాన్‌లో ఉర్దూ నాటకాలు సాధారణంగా వారానికొకటి చొప్పున కొన్ని నెలల్లో ముగుస్తాయి. 2014లో జీ సంస్థ 'జిందగీ' ఛానల్ ద్వారా వాటిని ఇక్కడ చూపినప్పుడు లభించిన ఆదరణ అందరికీ తెలిసిందే. 2016 ఉరీ దాడి అనంతరం ఆ ప్రసారం ఆగింది, 2025 మేలో కేంద్రం ఇంటర్నెట్ వేదికలను సైతం పాకిస్తానీ కార్యక్రమాలు నిలిపివేయమంది.

ఇక తెలుగు విషయం. ఈ ఏడేళ్లలో పై విభాగాల్లో తెలుగు నిర్మాణం ఒక్కటీ లేదు. మన నటులు వెంకటేశ్, రానా కలసి చేసిన 'రానా నాయుడు' హిందీలో తీసినది, అమెరికన్ సిరీస్ 'రే డొనోవన్'కు అనుసరణ. ఉమ్మడి రాష్ట్రంలో నంది పురస్కారాలు టీవీకి కూడా ఇచ్చేవారు. జాతీయ స్థాయిలో సినిమాకు 1954 నుంచి పురస్కారాలున్నా టెలివిజన్‌కు ఆ హోదా ఇవ్వలేదు. 2023లో గోవా చిత్రోత్సవంలో వెబ్ సిరీస్‌కు ఒక బహుమతి ప్రవేశపెట్టారు. తొలిసారి దానిని 'పంచాయత్' రెండవ భాగం గెలుచుకుంది. ఉత్తరప్రదేశ్ సరిహద్దు పల్లెలో పెద్ద సంఘటనలేవీ జరగని ఆ కథ అంతగా నచ్చడం ఆశాజనకమే.

అయితే గట్టి కథలు రావాలంటే డబ్బుతో పాటు తెగువ కూడా కావాలి. 2020 నవంబరులో కేంద్రం ఈ వేదికలను సమాచార, ప్రసార శాఖ పరిధిలోకి తెచ్చింది. 2021 జనవరిలో 'తాండవ్' సిరీస్‌పై కేసులు నమోదయ్యాయి, అభ్యంతరకర దృశ్యాలను తొలగించి అమెజాన్ క్షమాపణ చెప్పుకుంది. ఫిబ్రవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి. అధికారాన్ని సూటిగా ప్రశ్నించే కథలకు నాటి నుంచి ధైర్యం చేసేవారు తగ్గారన్నది ఆ రంగంలో బహిరంగ రహస్యం. మరోవైపు మార్కెట్ కుదించుకుపోతోంది. రిలయన్స్, డిస్నీల విలీనం 2024 నవంబరులో 70,352 కోట్ల రూపాయల విలువతో పూర్తయింది. హాట్‌స్టార్, జియో సినిమా కలసి 2025 ఫిబ్రవరిలో ఒకే వేదికయ్యాయి. కథ చెప్పదలచిన రచయిత తట్టవలసిన తలుపులు ఆ మేరకు తగ్గాయి. ఎమ్మీకి ఎంట్రీలు పంపవలసింది, రుసుము చెల్లించవలసింది నిర్మాతలే. దేనిని పంపాలన్నది కూడా ఆ కొద్ది సంస్థల చేతుల్లోనే ఉంది.