ఎదురెదురు కొట్లు

మా వీథిలో రెండు కిరాణాకొట్లు ఎదురెదురుగా నుండెడివి. ఒకరు కందిపప్పు ధర పెంచినచో మేము వీథి దాటి రెండవ కొట్టునకు పోవుచుంటిమి. మఱునాటికి మొదటివారి ధరయు దిగుచుండెను. నిరుడు ఒకరి కొట్టును రెండవవారు కొనిరి. నాటినుండి మేము వీథి దాటుట లేదు, ధరయు దిగుట లేదు.

ఇట్టి కొనుగోళ్లు పెద్ద కంపెనీలనడుమ జరుగునపుడు ముందుగానే పరీక్షించి, అవసరమైనచో అడ్డుటయే వృత్తిగా గల న్యాయవాదులు అమెరికాలో పెక్కురు కలరు. వారిలో లీనా ఖాన్ అను నామెనుగూర్చి యీ నెల చెప్పదలచితిమి.

ఆమె తలిదండ్రులు పాకిస్తానువారు. ఆమె 1989లో లండనులో జన్మించి, పదునొకండవ యేట అమెరికా చేరెను. న్యాయశాస్త్రము చదువుటకు ముందే, కొద్దిపాటి కంపెనీల చేతిలో చిక్కుకొన్న కోళ్ల పెంపకపు రైతుల దుస్థితినిగూర్చి 2012లో వ్యాసము వ్రాసెను. యేల్ విశ్వవిద్యాలయమున విద్యార్థినిగా నుండి 2017లో అమెజానుపై ప్రకటించిన వ్యాసము ఆమెకు పేరు తెచ్చెను. నేడు ధర చౌకగా నున్నంతమాత్రమున పోటీ చక్కగా నున్నదని తలంపరాదని యందలి వాదము. 2021 జూనులో, ముప్పదిరెండేండ్ల ప్రాయమున, ఫెడరల్ ట్రేడ్ కమిషనునకు అధ్యక్షురాలయ్యెను.

ఈ పనిలోని కష్ట మొకటి కలదు. 1914 నాటి క్లేటన్ చట్టము ప్రకారము, రెండు వ్యాపారము లేకమైనచో పోటీ మిక్కిలి తగ్గు నవకాశము కలదని చూపవలెను. అనగా ఇంకను జరుగని నష్టమును న్యాయాధిపతికి కన్నులకు కట్టునట్లు చెప్పవలెను. అన్నివేళల నది సాధ్యము కాదు. 2023 జులైలో మైక్రోసాఫ్ట్ వారు ఆక్టివిజన్ కంపెనీని కొనుటను కోర్టు ఆపలేదు. ఖాన్ వర్తకమున కడ్డుపడుచున్నదని పలువురు నిందించిరి. పెద్ద కొట్టువారు టోకున చౌకగా కొనగలరన్నది నిజమే. ఆ చౌక మన గిన్నెదాక వచ్చునా యనునదే మా సందేహము.

2022లో క్రోగర్ అను కిరాణా కంపెనీ ఆల్బర్ట్‌సన్స్ అను మఱియొకదానిని 2,460 కోట్ల డాలర్లకు కొనబూనెను. రెంటికిని కలిపి ఇంచుమించు 5,000 కొట్లు. 2024 ఫిబ్రవరిలో కమిషను దావా వేసెను. విచారణలో క్రోగర్ ధరల యధికారి వ్రాసిన లేఖ యొకటి బయటపడినది: పాలు, గ్రుడ్లు కొను ఖర్చు పెరిగినదానికంటె తాము అమ్ము ధర చాల హెచ్చుగా పెరిగినదని యందున్నది! ఇది చదివి మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి.

పోటీ నిలుచుటకై 579 కొట్లను వేఱొక కంపెనీకి అమ్మెదమని వారనిరి. కాని ఆల్బర్ట్‌సన్స్ 2015లో సేఫ్‌వేను కలుపుకొన్నపుడును ఇట్లే జరిగెను. 18 కొట్లు గల హ్యాగెన్ అను చిన్న సంస్థ 146 కొట్లు కొని, భారము మోయలేక, ఆ యేడే దివాలా తీసినది.

2024 డిసెంబరు 10వ తేదీన ఆరెగాన్‌లో న్యాయాధిపతి ఏడ్రియన్ నెల్సన్, ఆమెయు స్త్రీయే, ఆ కొనుగోలును నిలిపివేసెను. మఱునాడే ఆల్బర్ట్‌సన్స్ బేరము రద్దు చేసికొనెను. 2025 జనవరిలో ఖాన్ పదవి విడిచెను.

ఈ కథ మా వీథి కొట్టుదారునకు చెప్పితిమి. ఆయన నవ్వి పప్పు తూచెను. ధర మాత్రము తగ్గింపలేదు.