ఐసీయూకీ ఒక కోవిర్యాప్ కావాలి

ఐఐటీ ఖరగ్‌పూర్ డైరెక్టర్ ఆచార్య సుమన్ చక్రవర్తి గారికి,

ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ నుంచి రాస్తున్నాను. రైల్వే కొలువులకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లోనే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. మావాళ్లెవరైనా ఐసీయూలో ఉంటే, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు అసలు జబ్బు కంటే ఎక్కువగా భయపడేది ‘ఇన్ఫెక్షన్ వచ్చింది’ అన్న కబురుకే.

వెంటిలేటర్ గొట్టం వేశాక రోగి దగ్గి కఫం బయటికి తేలేడు. గొట్టం వెంట బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ముందుజాగ్రత్తగా అందరికీ యాంటీబయాటిక్స్ ఇస్తే మందుకు లొంగని క్రిములే మిగులుతాయి. ఇక్కడే యాంటీబాడీలు ఆశ పుట్టిస్తున్నాయి. ఆలోచన పాతదే. దెబ్బ తగిలిన వర్క్‌షాప్ కార్మికుడికి ధనుర్వాతం రాకుండా వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా యాంటీబాడీయే కదా!

సువ్రాటోక్సుమాబ్ అనే యాంటీబాడీ స్టాఫిలోకాకస్ ఆరియస్ క్రిమిని చంపదు, దాని విషాన్ని విరుస్తుంది. వెంటిలేటర్ మీదున్న రోగులపై చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మందు అందుకున్న 96 మందిలో 17 మందికి, ఉత్తుత్తి మందు అందుకున్న 100 మందిలో 26 మందికి నెల రోజుల్లో న్యుమోనియా వచ్చింది. తేడా ఉంది గానీ, గణాంకాల లెక్కలో అది రుజువుగా నిలవలేదు. సూడోమోనాస్ అనే మరో క్రిమి మీద ప్రయోగించిన గ్రెముబమాబ్ అనే యాంటీబాడీ అయితే రోగులను కాపాడలేకపోయింది. కాబట్టి రేపే అద్భుతం జరుగుతుందని నేను అనను.

నన్ను ఆలోచింపజేసిన విషయం వేరు. సువ్రాటోక్సుమాబ్ ఎవరికి ఇవ్వాలో ఆ ప్రయోగం చేసిన వైద్యులు ముందే పీసీఆర్ పరీక్షతో తేల్చుకున్నారు. శ్వాసనాళంలో ఆ క్రిమి ఉన్నవాళ్లకే ఇచ్చారు. మన ఐసీయూల్లో పెద్ద బెడద క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ అనే క్రిములు. ఒక్క క్లెబ్సియెల్లా పైపొరలోనే 70కి పైగా రకాలున్నాయి. ఏ రకమో తెలియకుండా ఖరీదైన యాంటీబాడీ ఎక్కించడం చీకట్లో బాణం వేయడమే. తయారీకి మనవాళ్లు తక్కువేమీ కాదు, హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీని మార్కెట్లోకి తెచ్చింది. కొరతంతా క్రిమి రకాన్ని తేల్చే పరీక్షకే.

ఆ పని చేయగలవారు మీరే. 2020లో మీరూ, అరిందమ్ మండల్ గారూ కలిసి రూపొందించిన కోవిర్యాప్ అనే పరీక్ష, పెద్ద ల్యాబ్ లేకుండానే గంటలో కోవిడ్‌ను పట్టిచ్చింది. ఐసీఎంఆర్ దాన్ని ఆమోదించింది కూడా. అదే పద్ధతిలో, గొట్టం నుంచి తీసిన కఫంలో ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ రకమో మంచం పక్కనే చెప్పే పరీక్షను మీ ప్రయోగశాలల్లో మొదలుపెట్టించండి. బలరాంపూర్‌లోని మీ ఆసుపత్రినీ, మిడ్నపూర్ మెడికల్ కాలేజీనీ అందులో కలుపుకోండి. ఎక్కడ ఏ క్రిమి ఎక్కువగా దొరుకుతోందో ఆ లెక్కలు అందరికీ కనిపించేలా ప్రకటించండి. యాంటీబాడీ తయారుచేసేవాళ్లు దేనిమీద గురిపెట్టాలో వాటిని చూసే నిర్ణయించుకుంటారు.

ఇట్లు,
పూరీ గేట్ నివాసి