మూయబడిన కోరులు

పదవ తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో బిడ్డకొక కంప్యూటరు కొనియీయవలెనని నంద్యాలకో కర్నూలునకో పయనమగు తలిదండ్రులు మన ఆత్మకూరునందు నేడు పెక్కుమంది కలరు. అంగడిలో వారికి వినవచ్చు మాట యొక్కటే: ఇందులో నాలుగు కోరులు, అందులో ఆరు, ఆవలిదానిలో ఎనిమిది. మన రైతులకు కోరనగా పంటలోని భాగము గనుక, కోరులెక్కువయైన లాభమెక్కువ యని తోచుట సహజమే. ఇంతలో వెంటవచ్చిన మేనల్లుడెవడో, "మామా, ఈ ఆరు కోరులది నిజమునకు ఎనిమిది కోరుల చిప్పే. రెండు చెడిపోగా మూసివేసి మనకంటగట్టుచున్నారు" అని చెవిలో నూదును. తండ్రి చేయి జేబునొద్దనే నిలిచిపోవును. ఆ మాటలో సగము నిజము కలదు. తక్కిన సగము తెలియకపోవుటచే మంచి సరుకును విడిచి ఎక్కువ సొమ్ము పెట్టువారును, మూసిన కోరును తెరవబోయి చిక్కులు తెచ్చుకొనువారును కలరు. కావున నీ విషయమున నా యభిప్రాయమును మన పత్రిక చదువరుల ముందుంచుచున్నాను.

కోరనగా లెక్కలు చేయుటకు కావలసిన సాధనములన్నియు తనయందే గల యొక గణకాంగము. పూర్వము ప్రాసెసరునకట్టిది యొక్కటియే యుండెడిది. దానిని వేగముగా నడపిన కొలది వేడిమి పెరిగి, యొక హద్దు దాటుట దుస్సాధ్యమాయెను. అంతట నొకే చిప్పుపై రెండు కోరులుంచు పద్ధతి వచ్చెను. 2001లో ఐ.బి.ఎం. వారు పెద్ద యంత్రములకై పవర్ 4 అను దానిని వెలువరించిరి. 2005లో ఇంటెల్ వారును ఏ.ఎం.డి. వారును ఇండ్లలోని కంప్యూటరులకు సైతము రెండేసి కోరుల ప్రాసెసరుల నిచ్చిరి. పంచుకొన వీలైన పని కోరులు పెరిగిన కొలది త్వరగా తెమలును. వీలులేని పనియైనచో ఒక కోరు పాటుపడుచుండ తక్కినవి చూచుచుండును. బల్ల మోయుటకు నలుగురు బాలురు కావలయును గాని, సూదిలో దారమెక్కించుటకు నలుగురేల?

ఇక మూయుట యేల? చిప్పుల నొక్కొక్కటిగా చేయరు. 300 మిల్లీమీటరుల వ్యాసము గల పలుచని సిలికాన్ బిళ్లపై పెక్కు చిప్పుల నొక్కమారే అచ్చొత్తి, పిమ్మట కోసి వేరుచేయుదురు. కంటికి కానరాని ధూళికణమొకటి పడినను అచటి భాగము చెడును. చిప్పు పెద్దదైన కొలది దానిపై దోషము పడు నవకాశమును పెద్దదే. ఎనిమిది కోరులలో నొక్కటి చెడినంతమాత్రమున తక్కిన యేడింటిని చెత్తలో పారవేయుదురా? పరీక్షించి, చెడినదానికి పోవు దారిని తెంచి, మిగిలినదానిని తక్కువ కోరుల ప్రాసెసరుగా తక్కువ వెలకు అమ్ముదురు. మన జిల్లాలోని బేతంచెర్ల బండల సంగతి తెలిసినవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. పెద్ద బండకు మూల పగిలినచో ఆ మూలను కోసివేసి చిన్న బండగా అమ్ముదురు. కొన్నవానికి చిన్న బండ దొరకినదే గాని పగిలిన బండ దొరకలేదు.

2006లో వచ్చిన సోనీ వారి ప్లేస్టేషన్ 3 అను ఆటయంత్రమందలి సెల్ ప్రాసెసరుపై ఎనిమిది సహాయక గణకాంగములుండగా ఏడింటినే తెరచి యుంచిరి. ఎందరో బాలురు దానితో నాడుకొనిరి. ఎనిమిదవదానికై విలపించినవానిని నేనెరుగను. మనవారి సంగతియే చూతము. కొవ్వూరున పుట్టిన రాజా కోడూరి గారు ఏ.ఎం.డి.లో గ్రాఫిక్స్ విభాగమునకు పెద్దగా నున్న కాలమున, 2017లో, వేగా అను చిప్పు రెండు రూపములతో అంగడికి వచ్చెను. ఒకదానిలో 64 గణకాంగములు. రెండవదానిలో అదే చిప్పుపై తెరచినవి 56 మాత్రమే. వేగా 64, వేగా 56 అని పేరులోనే చెప్పి, రెండవదానిని తక్కువ వెలకిచ్చిరి. దీనిని మోసమనుట న్యాయము కాదు. ఆరు కోరులని చెప్పి ఆరింటి నిచ్చిన ప్రాసెసరును నిస్సంశయముగా కొనవచ్చును. మిగిలిన సొమ్మును మెమరీకి వెచ్చించుట మేలు.

అయితే మూయుట యంతయు నిట్టిదే కాదు. 2010లో ఇంటెల్ వారు పెంటియమ్ జి6951 అను ప్రాసెసరులో కొంత శక్తిని మూసియుంచి, 50 డాలరుల చీటి కొని దానిపైనున్న సంకేతమును కొట్టినవారికి అది తెరచుకొనునట్లు చేసిరి. సంకేతము కొట్టినంతనే తెరచుకొన్నదనిన, ఆ భాగము మొదటినుండియు బాగుగనే యున్నదన్నమాట. కొని యింటికి తెచ్చుకొన్న వస్తువునకే రెండవమారు వెల! తలాంతును భూమిలో దాచిన దాసుని కథ మన పిల్లలెరుగుదురు; ఇచట దాచినవాడే త్రవ్వుకూలి యడుగుచున్నాడు. తక్కువ యీయగలవానికి తక్కువ సరుకను వర్తకుల వాదమును నేనెరుగకపోలేదు. అది నాకు రుచింపదు. కొనువారికిని రుచింపలేదు కాబోలు, 2011లో ఆ యేర్పాటును విరమించిరి.

ఈ రెండు తెగలును కలిసిపోవు తావొకటి కలదు; మన విద్యార్థులు జాగ్రత్తపడవలసినది అచటనే. తక్కువ వెల ప్రాసెసరులకు గిరాకి పెరిగి చెడిన చిప్పులు చాలనప్పుడు, మంచి కోరులను సైతము మూసి యమ్ముట కలదు. 2009లో ఏ.ఎం.డి. వారు ఫినమ్ 2 జాతిలో నాలుగు కోరుల చిప్పుననే ఒకటో రెండో కోరులు మూసి, మూడు కోరులదిగను రెండు కోరులదిగను అమ్మిరి. కొన్ని మదర్‌బోర్డులపై నొక యమరికను మార్చినచో మూసినది తెరచుకొనుచుండెను. కొందరికి నాలుగవ కోరు చక్కగా పనిచేసెను. కొందరికి యంత్రమే లేవలేదు. లేవనివాడే అదృష్టవంతుడు. లేచి, నడచి, నడుమ నెపుడో తప్పులెక్క వేయు కోరు దొరకినవాని గతి యేమి?

ఇది వట్టి భయము కాదు. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీరులు తమ యంత్రమందలి యొక కోరును గూర్చి వ్రాసిరి. 1.1 యొక్క 53వ ఘాతమును కట్టి పూర్ణాంకమును మాత్రమిమ్మనిన 156 రావలయును. ఆ కోరు 0 అనెను. 52వ ఘాతమును మాత్రము సరిగనే చెప్పెను! దస్త్రపు కొలత 0 అని తేలుటచే ఆ దస్త్రములు వ్రాయబడకయే పోయినవి. హెచ్చరిక యేదియు రాలేదు. కొన్నివేల యంత్రములకు కొన్నిచొప్పున నిట్టి కోరులు తమకును తగులుచున్నవని గూగుల్ ఇంజనీరులును ఆ యేడే వ్రాసిరి. కర్మాగారపు పరీక్షలో గట్టెక్కిన కోరులే యిట్లు చేయగా, పరీక్షలో తప్పినందున మూయబడినదేమో తెలియని కోరును నమ్ముట యెట్లు? మార్కుల పట్టికలో నొక బాలిక మొత్తము తప్పుగా పడినచో ఆమెకు తెలియునా, మాకు తెలియునా? ఉచితముగా వచ్చు నొక కోరుకై ఇంత పణమొడ్డుట నాకు సమ్మతము కాదు.

తెరవవలసిన కోరులును లేకపోలేదు. నేను చూచిన యొక యింట, కంప్యూటరు త్వరగా లేచునని యెవరో చెప్పగా, విండోసునందలి ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసరుల సంఖ్యను 1 అని పెట్టుకొని, నాలుగు కోరులకు వెల యిచ్చియు నొక్కదానితోనే నెలల తరబడి ఈడ్చుకొనివచ్చిరి. కర్మాగారమున మూసిన కోరులు విండోసునకు కానరానే రావు. కావున టాస్క్ మేనేజరులో పెర్ఫార్మెన్స్ అనుచోట కనబడు కోరుల సంఖ్య పెట్టెపై వ్రాసినదానికంటె తక్కువైనచో, ముందుగా శంకింపవలసినది ఇంటిలోని చేతులనే. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో పెట్టిన ఆ గుర్తును తీసి యంత్రమును మరల లేపితిమి. ఆ సాయంకాలము వారి కుమార్తె వీడియో పాఠము నడుమ నాగకుండ చివరి వరకు నడచెను.