ఫిర్యాదు ఏ భాషలో రాయాలి? పనిచోట గౌరవం, మన ఇళ్ల బాధ్యత

"పరాయి ఊళ్లో ఉన్నాం. మనకెందుకమ్మా గొడవ? తల వంచుకుని పని చేసుకో."

ఈ మాట వినిపించని తెలుగు ఇల్లు చెన్నైలోనో బెంగళూరులోనో సోలాపూర్‌లోనో ఉంటుందని మేము అనుకోం. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టాం, ఇక్కడే చదివాం, ఇక్కడే ఓటు వేస్తున్నాం. రేషన్ కార్డు, ఆధార్ అన్నీ ఇక్కడివే. అయినా పనిచోట ఒక అవమానం ఎదురైతే చాలు, మనంతట మనమే పరాయివాళ్లమైపోతాం. ఇంటికి వచ్చి ఏడుస్తాం. రెండు రోజులు సెలవు పెడతాం. మూడో రోజు మళ్లీ అదే మేస్త్రీ ముందు నిలబడతాం.

ఇప్పుడు ఈ విషయం ఎందుకంటే, గత కొన్నేళ్లలో ఫిర్యాదు చేసుకునే దారులు కాగితం మీద బాగా పెరిగాయి. 2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. సమ్మె నోటీసు, ఉద్యోగుల తొలగింపు వంటి అంశాల మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలున్నాయి. ఆ చర్చ జరగాల్సిందే. కానీ ఆ కోడ్‌లలో మన ఇళ్లకు సూటిగా తగిలే రెండు అంశాలున్నాయి. ఒకటి, పనిలో పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. రెండు, 20 మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం సరిగా అమలు కావడం లేదని సుప్రీంకోర్టు కూడా 2023లో ఒకసారి, 2024 డిసెంబర్‌లో మరోసారి గట్టిగా చెప్పింది.

దారులు ఇన్ని ఉన్నా మనవాళ్లు ఎందుకు వెళ్లడం లేదన్నదే ప్రశ్న.

మనవాళ్లు ఎక్కడ పని చేస్తున్నారు?

"పనిచోట గౌరవం" అనగానే ఐటీ కంపెనీలు, ఏసీ గదులు గుర్తుకొస్తాయి. మన సమాజంలో చాలామంది పనిచోటు అది కాదు. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. చెన్నై పారిశుధ్య పనిలో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. సోలాపూర్‌లో పద్మశాలీల మగ్గాలు ఎంత పేరున్నవో, అక్కడి తెలుగు ఆడవాళ్లు చుట్టే బీడీలూ అంతే. కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ పనిని రూపుమాపే ఉద్యమం నడిపి 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. తన ఇంటివాళ్లు మౌనంగా భరించినదాన్ని ఆయన ఫిర్యాదుగా మార్చారు. ఆ ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మురుగు కాల్వలో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో కోర్టు చెప్పింది. 2023లో మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

2025 ఆగస్టులో చెన్నై రిపన్ బిల్డింగ్ ముందు జరిగింది మనం మరిచిపోకూడదు. రెండు జోన్ల చెత్త పనిని ప్రైవేటుకు ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ పారిశుధ్య కార్మికులు, ఎక్కువగా ఆడవాళ్లు, 13 రోజులు పేవ్‌మెంట్ మీద కూర్చున్నారు. హైకోర్టు ఆదేశం తర్వాత 13వ తేదీ రాత్రి పోలీసులు వాళ్లను అక్కడినుంచి తరలించారు. ఆ మర్నాడే ఉచిత అల్పాహారంతో సహా కొన్ని సంక్షేమ పథకాలు ప్రకటించారు. టిఫిన్ మంచిదే. వాళ్లు అడిగింది మాత్రం ఉద్యోగ భద్రత. అదే ఏడాది మే 1న బెంగళూరులో 12 వేలకు పైగా పౌరకార్మికులకు పర్మినెంట్ నియామక పత్రాలు ఇచ్చారు. రేపు పని ఉంటుందో లేదో తెలియని మనిషి మేస్త్రీ మీద ఫిర్యాదు చేయదు. చేతిలో కాగితం ఉన్న మనిషికి కనీసం నోరు తెరిచే ధైర్యం ఉంటుంది. గౌరవం అక్కడ మొదలవుతుంది.

మూడు తలుపులు

చట్టం ఇచ్చిన దారులను మన ఇంట్లో అమ్మకో చెల్లికో చెప్పగలిగేంత సులువుగా ఇక్కడ పెడుతున్నాం.

మొదటి తలుపు: 20 మంది, అంతకు మించి ఉన్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ. ఇందులో యజమాని తరఫువాళ్లు, కార్మికులు సమానంగా ఉండాలి. ఆ సంస్థలో ఆడవాళ్లు ఎంత నిష్పత్తిలో ఉన్నారో కమిటీలోనూ కనీసం అంత ఉండాలి. జీతం, సెలవు, తిట్లు, పని కేటాయింపు వంటి వ్యక్తిగత ఫిర్యాదులకు ఇది చోటు.

రెండో తలుపు: 10 మంది, అంతకు మించి ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ. దీనికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బయటి సభ్యులు ఒకరు ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. విచారణ జరుగుతుండగా బదిలీ గానీ, మూడు నెలల దాకా సెలవు గానీ అడగవచ్చు.

మూడో తలుపు: 10 మంది కన్నా తక్కువ ఉన్న చోట, లేదా వేధించింది యజమానే అయితే, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీ. ప్రతి జిల్లాలో 2024 డిసెంబర్ 31 లోపు జిల్లా అధికారిని నియమించాలని, 2025 జనవరి 31 లోపు స్థానిక కమిటీ ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు గడువు పెట్టింది. చిన్న కొట్టు, టైలరింగ్ షాపు, ఇంటి పని, బీడీలు అప్పజెప్పే కార్ఖానా వంటివాటికి ఈ తలుపే దిక్కు.

కాంట్రాక్టు మనుషులకు ఇవి వర్తించవని చాలామంది అనుకుంటారు. అది తప్పు. రోజు కూలీ, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లు, జీతం లేకుండా పని నేర్చుకునేవాళ్లు కూడా 2013 చట్టం కింద ఉద్యోగులే. వీధి ఊడ్చేవాళ్లకు ఆ వీధి పనిచోటే. వేధించిన మనిషి వేరే సంస్థకు చెందినవాడైనా సరే, బాధితురాలు తాను పనిచేసే చోట ఉన్న కమిటీకే ఫిర్యాదు చేసుకోవచ్చని 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. మేస్త్రీ ఒక కంపెనీ, సూపర్‌వైజర్ ఇంకో కంపెనీ అయిన మన ఊళ్లలో ఇది చాలా పెద్ద మాట.

భాష దగ్గర ఆగిపోతున్నాం

మన సమస్య ఇక్కడే మొదలవుతుంది. ఈ చట్టాల నోటీసు ఆఫీసు గోడ మీద ఉంటే గింటే ఇంగ్లిష్‌లోనో ఆ రాష్ట్ర భాషలోనో ఉంటుంది. మన ఆడవాళ్లలో తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా గడగడా మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నారు. బజారులో బేరం ఆడగలరు, బస్సులో పోట్లాడగలరు. చదవడం, రాయడం వేరే సంగతి. అందులోనూ ఒక మగవాడు ఎక్కడ చెయ్యి వేశాడో, ఏ మాట అన్నాడో బయటి భాషలో చెప్పమంటే నోరు రాదు. ఆ మాటలు ఇంటి భాషలోనే కష్టంగా వస్తాయి.

ఇందుకు మన చేతిలో రెండు ఆధారాలున్నాయి. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, తన కష్టం తీర్చమని ఏ ప్రభుత్వ అధికారికైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. బరంపురంలో జిల్లా అధికారికైనా, హోసూరులో తాలూకా అధికారికైనా తెలుగులో రాసిన అర్జీ చెల్లుతుంది. "ఈ భాషలో తీసుకోం" అనడానికి వీల్లేదు. ప్రైవేటు కంపెనీ కమిటీకి ఈ అధికరణం నేరుగా వర్తించదు. అక్కడ 2013 చట్టంలోని 9వ సెక్షన్ ఉంది. ఫిర్యాదుదారు రాయలేకపోతే రాసుకోవడానికి సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. రాయడం రాదని వెనక్కి పంపకూడదు.

ఇంకో చిన్న విషయం కూడా గమనించాలి. స్థానిక కమిటీలో ఎస్సీ, ఎస్టీ, బీసీ లేదా మైనారిటీ వర్గానికి చెందిన మహిళ ఒకరైనా ఉండాలని చట్టం చెబుతుంది. ఇక్కడ మైనారిటీ అంటే కేంద్రం గుర్తించిన మత మైనారిటీలే. మనలాంటి భాషా మైనారిటీలు ఆ లెక్కలోకి రారు. తెలుగు తెలిసిన సభ్యురాలు దానంతట అదే రాదు. మనం అడగాలి.

అలాగని భాష ఒక్కటే అడ్డు అనుకుంటే యానాం వైపు చూడాలి. అక్కడ ఆఫీసులో, బడిలో, వీధిలో తెలుగే. అయినా 2012 జనవరిలో అక్కడి ఒక ఫ్యాక్టరీలో జీతాలు, పర్మినెంట్ విషయంలో ముదిరిన గొడవ ఒకే రోజు కార్మిక నాయకుడినీ, కంపెనీ ఉన్నతాధికారినీ బలి తీసుకుంది. ఫ్యాక్టరీ తగలబడి, మూతపడింది. ఎవరి తప్పు ఎంత అన్నది వేరే చర్చ. వినేవాళ్లు లేని చోట ఫిర్యాదు ఎటు పోతుందో ఆ ఊరు చూసింది. మాట అర్థమయ్యే భాష కావాలి, ఆ మాట వినే కమిటీ కూడా కావాలి.

మనమే యజమానులమైతే?

ఇంతవరకూ మనవాళ్లకు జరిగిన అన్యాయం గురించే మాట్లాడాం. ఇప్పుడు అద్దంలో చూసుకోవాలి.

తమిళంలో "వా" అనడానికి, "వాంగ" అనడానికి మధ్య తేడా ఏమిటో మన పిల్లలకు కూడా తెలుసు. కన్నడలో "బా", "బన్ని" మధ్య తేడా కూడా అంతే. మనల్ని ఎవరైనా "గొల్టి" అంటే చురుక్కుమంటుంది. మరి మన హోటళ్లలో, బట్టల కొట్లలో, వర్క్‌షాపుల్లో ఒడిశా నుంచో అస్సాం నుంచో వచ్చిన కుర్రవాళ్లను మనం ఎలా పిలుస్తున్నాం? వాళ్ల పేరు మనకు తెలుసా? వాళ్లలో ఎంతమందికి నియామక పత్రం ఇచ్చాం? అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చెత్త తీసుకెళ్లే ఆమె మంచినీళ్లు అడిగితే ఏ గ్లాసులో ఇస్తున్నాం? ఆమె మన తెలుగు ఆడపడుచే అయినా, కులం తెలిశాక ఆ గ్లాసు మారుతోందా లేదా?

మన ఇల్లు కూడా పనిచోటే. 2013 చట్టం ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఇంటి పనిమనిషి ఫిర్యాదులో బలం కనిపిస్తే స్థానిక కమిటీ దాన్ని ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. 10 మంది పనిచేసే కొట్టు ఉన్న మన పెద్దమనుషుల్లో అంతర్గత కమిటీ పెట్టినవాళ్లు ఎందరు? పెట్టకపోతే 50 వేల రూపాయల దాకా జరిమానా. "మాది కుటుంబంలాంటి కొట్టు, ఇలాంటివి ఎందుకు" అని కొందరు అంటారు. కుటుంబంలో కూడా ఆడపిల్ల మాట ఎవరు విన్నారన్నదే కదా అసలు ప్రశ్న.

సంఘాలు చేయగలిగిన పని

ప్రతి ఊళ్లో మనకు తెలుగు సంఘం ఉంది. ఉగాదికి పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, పిల్లలకు పోటీలు జరుగుతాయి. వాటితో పాటు ఈ ఏడాది నాలుగు పనులు చేయమని మేము కోరుతున్నాం.

ఒకటి. అంతర్గత కమిటీలో బయటి సభ్యులుగా మహిళల సమస్యల మీద పనిచేసిన సంస్థలవాళ్లు, ఆ విషయం తెలిసినవాళ్లు ఉండాలి. తెలుగూ రాష్ట్ర భాషా రెండూ వచ్చిన టీచర్లు, లాయర్లు, రిటైరైన నర్సులు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్లు ఈ చట్టంలో శిక్షణ తీసుకుంటే, సంఘం ఆ పేర్లను కంపెనీలకూ, జిల్లా అధికారికీ పంపవచ్చు.

రెండు. ఒక పేజీ నోటీసు తెలుగులోనూ, ఆ రాష్ట్ర భాషలోనూ పక్కపక్కనే వేయించి మనవాళ్లు పనిచేసే చోట ఇవ్వాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, ఉచిత న్యాయ సహాయం 15100 నంబర్లు అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఉచిత న్యాయ సహాయానికి ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదని కూడా రాయాలి.

మూడు. నెలకో ఆదివారం సంఘం హాల్లో అర్జీ రాసిపెట్టే మనిషి ఒకరు కూర్చోవాలి. ఆ మనిషి ఆడమనిషి అయితే మంచిది. విన్నది బయట చెప్పకూడదు. ఇలాంటి ఫిర్యాదుల వివరాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది, మన వీధి అరుగులకు అది ఇంకా ముఖ్యం.

నాలుగు. సంఘంలో ఉన్న యజమానులు ముందు తమ కొట్లలో నియామక పత్రాలు ఇచ్చి, కమిటీ పేర్లు గోడకు అంటించి, ఆ తర్వాతే వేదిక మీద శాలువా కప్పించుకోవాలి.

ఇక ఇళ్లలో చేయాల్సింది చిన్నదే, కానీ అదే కష్టం. సాయంత్రం అమ్మాయి పని నుంచి వచ్చి మొహం మాడ్చుకుని కూర్చుంటే, "పరాయి ఊరు, మనకెందుకు" అనే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: "ఏం జరిగింది?" తర్వాత ఒక కాగితం, పెన్ను తీసి తేదీ, చోటు, అన్న మాట, చూసినవాళ్ల పేరు రాసి పెట్టాలి. మూడు నెలల గడువు ఆ రోజు నుంచే మొదలవుతుంది. ఆ కాగితం తెలుగులో ఉన్నా ఫరవాలేదు.