ఫోనుకూ పర్దా కావాలి

తప్పు చేయనివాడికి దాపరికమెందుకని అడుగుతున్నారు. ఈ ప్రశ్న అందరినీ ఒకే గొంతుతో అడగరు. మా నవాబుపేటలో ఆసామి జేబులో ఉన్న ఫోను అతని సొంత ఆస్తి. గడ్డం, టోపీ ఉన్న పిల్లోడి జేబులో ఉంటే అదే ఫోను సాక్ష్యం!

2021 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు దారిన పోయే యువకులను ఆపి, వాట్సాప్ తెరిపించి, గంజాయి అన్న మాట కోసం వెతికారు. అదే ఏడాది మే నెలలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను ఆపి, మాస్కు తీయమని ఫొటో తీశారు. ఆయన హైకోర్టుకెక్కితే 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వెళ్లాయి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పింది 2017లో. ఆ మాట రోడ్డు దాకా రాలేదు.

సెక్యులర్ మిత్రులు మాకు టెక్నాలజీ చూపిస్తున్నారు. మంచిదే. స్నోఫ్లేక్ అనేదొకటుంది. ఎక్కడో ఒకరు తన బ్రౌజరులో చిన్న ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే, సెన్సారు గోడ వెనకున్న మనిషి దాని గుండా టార్ నెట్‌వర్క్‌లోకి చేరతాడు. కాపలావాడికి అది వీడియో కాల్‌లా కనబడుతుంది. దారి ఇచ్చేవాళ్లు ఎప్పటికప్పుడు మారుతుంటారు గనక అందరినీ మూయడం కష్టం. 2022లో మహసా అమీనీ మరణం తర్వాత ఇరాన్‌లో దీని వాడకం ఎగబాకింది. హిజాబును లాఠీతో రుద్దిన రాజ్యం మీద ముస్లిం ఆడవాళ్లే తిరగబడ్డారు. సెన్సారుకు మతం లేదని మనవాళ్లూ ఒప్పుకోవాలి.

కానీ నెట్టునే కోసేస్తే? 2019 ఆగస్టులో కాశ్మీరులో కోసేశారు. 4జీ మళ్లీ పూర్తిగా వచ్చేసరికి 2021 ఫిబ్రవరి అయింది. నెట్టే లేనిచోట బ్రౌజరు ఏం చేస్తుంది? నెట్ లేకున్నా బ్లూటూత్‌తో నడిచే బ్రయర్‌ను 2023 మేలో మరో 13 యాప్‌లతో కలిపి కేంద్రం ఆపేసింది. అసలు లాఠీ ముందు మనమే తీసి ఇచ్చిన ఫోనుకు ఏ తాళం కాపలా?

ఇంకో మాట. 2021 జూలైలో సుల్లీ డీల్స్, 2022 జనవరి 1న బుల్లీ బాయి. మన ఆడబిడ్డల ఫొటోలను వేలానికి పెట్టారు. గిట్‌హబ్ అనే యజమాని ఉన్నాడు గనక తీయించగలిగారు. ఎవరూ తీయలేని నెట్‌వర్క్‌లో ఉంటే వాళ్లు ఎవరి తలుపు కొట్టాలి? సెన్సారుకు లొంగనిదల్లా మనకు రక్షణే అనుకోవడం అమాయకత్వం.

ఖౌమ్ పెద్దలకూ ఒక సవాలు. ఇంట్లో బిడ్డ ఫోను గుంజుకుని చూసే తండ్రి, పోలీసును ఏ మొహంతో నిలదీస్తాడు? పర్దా అంటే ఆడవాళ్ల మీద కప్పే గుడ్డేనా? వాళ్ల ఉత్తరాలకూ మాటలకూ లేదా?

ఈ పనిముట్లు నేర్చుకుందాం, పిల్లలకు నేర్పుదాం. కానీ హక్కు అడిగితే యాప్ చేతిలో పెట్టి పొమ్మంటే కుదరదు. కాగితం లేకుండా ఫోను ముట్టరాదని చట్టంలో స్పష్టంగా రాయించాలి. మిత్రులారా, రేపు నడిరోడ్డు మీద మా పిల్లోడిని ఆపినప్పుడు పక్కన నిలబడండి. "వారంటేది సారూ?" అని మీరూ అడగండి.